అరమార్కు బిళ్ళ మీది ఆడమనిషి

మాకు కూలి పంచేది శనివారం మధ్యాహ్నం, అడవి మొదట్లో పనిముట్లు పెట్టుకునే పాక దగ్గర. కొత్త మార్కు వచ్చినప్పటి నుంచీ చిల్లర కూడా కాగితాలే. అరమార్కు కాగితం నాలుగు చేతులు మారేసరికి చెమటకు మెత్తబడి, నలిగి, జేబులో మరిచిపోయిన బస్సు టిక్కెట్టులా అయ్యేది. ఆ శనివారం మాత్రం ఫారెస్టరు గారు సంచిలో చెయ్యి పెట్టగానే గలగలమని చప్పుడైంది. అందరం తలలెత్తాం.

"ఏంటండీ అవి, మేకులా? కూలికి బదులు మేకులిస్తున్నారా?" అంది థెక్లా. మా జట్టులో నోరు ఖాళీగా ఉంచలేనిది థెక్లా.

"డబ్బులేనమ్మా. మన రిపబ్లిక్ కొత్త బిళ్ళలు," అన్నాడాయన, అవన్నీ తనే పోత పోసినంత దర్జాగా.

మా రిపబ్లిక్‌కి అప్పటికింకా ఏడాది నిండలేదు, యుద్ధంలో ఓడాక పుట్టింది. పళ్ళు కూడా రాని పసిగుడ్డు. అది అప్పుడే సొంత నాణేలు కొట్టుకుందంటే ముచ్చటేసింది. నా చేతిలో పడ్డ అరమార్కు బిళ్ళని వెలుతురుకి తిప్పి చూశాను. దాని మీద రాజు లేడు, మీసాల సేనాధిపతి లేడు. ఒక ఆడమనిషి నేల మీద వంగి కూర్చుని ఓక్ మొక్క నాటుతోంది.

మేం పదకొండు మంది ఆడవాళ్ళం యుద్ధం అయిపోయినప్పటి నుంచీ చేస్తున్న పని అదే. యుద్ధంలో కొంతా, తర్వాత కొంతా నరికేయగా మా లెర్ఖెన్‌బాఖ్ చుట్టూ ఉన్న కొండలు గొరిగిన తలల్లా మిగిలాయి. వాటి మీద మళ్ళీ అడవి మొలిపించడానికి మగవాళ్ళు ఊళ్ళో లేరు. కొందరు పోయారు, కొందరు ఇంకా రాలేదు, వచ్చినవాళ్ళు గనుల్లో చేరారు. దాంతో ఆ కొండలు మా నడుముల మీద పడ్డాయి.

"మనమేనే ఇది!" అని అరిచింది థెక్లా. "చూడండి, మనల్ని డబ్బు మీద వేశారు!"

"మనమైతే ఆ నడుం అంత సన్నగా ఎలా ఉంది?"

"మన కూలితో తింటే ఇంకెలా ఉంటుంది?"

"పార లేదేంటి? చేత్తోనే గుంట తవ్విందా, మహాతల్లి?"

"కాళ్ళకి చెప్పులు కూడా లేవు," అంది మిన్నా హోల్‌బైన్, బిళ్ళని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ. "అయితే ఈవిడ సిలీసియా నుంచి వచ్చి పడ్డవాళ్ళలో మనిషే."

అది నాకు తగలాలనే అంది. నేనూ వదల్లేదు.

"పని చేస్తోంది కదా మిన్నక్కా, మావాళ్ళే అయ్యుంటారు," అన్నాను.

మిన్నా మా జట్టు పెద్ద. అంతటితో ఆగితే బాగుండేది. ఆవిడ నా ఇంటి యజమానురాలు కూడా. మా సిలీసియా పరాయి దేశంలో కలిసిపోయి మమ్మల్ని వెళ్ళగొట్టాక, నేనూ మా అత్తగారూ ఒక దుప్పటి మూటతో ఈ ఊళ్ళో రైలు దిగాం. ఇళ్ళు కేటాయించే ఆఫీసువాళ్ళు మమ్మల్ని తీసుకొచ్చి మిన్నా ఇంటి పై గదిలో పెట్టారు. ఆవిడని అడగలేదు, మమ్మల్నీ అడగలేదు. ఆవిడ వంటగదిలో సుద్దముక్కతో నేల మీద గీత గీసింది: ఇటు మీది, అటు నాది. కానీ పొయ్యి ఒక్కటే, దాన్ని గీత రెండు ముక్కలు చెయ్యలేకపోయింది. రోజూ పొద్దున్నే మా యుద్ధం అక్కడ మొదలయ్యేది. నా భర్త కుర్ట్ రష్యాలో పోయాడు. మిన్నా భర్త యుద్ధానికి చాలా ముందే చెట్టు మీదపడి పోయాడు. ఇద్దరం విధవలం, ఇద్దరం మొండివాళ్ళం, ఒకే పొయ్యి.

ఏప్రిల్లో నగరం నుంచి ఒక పత్రికవాడు కెమెరా వేసుకుని వచ్చాడు. కొత్త బిళ్ళ మీది బొమ్మలాంటి మనుషులు నిజంగా ఉన్నారని చూపించాలట. ఆ పొద్దున్న నా సూపు గిన్నెని మిన్నా పక్కకి నెట్టబోయి బొటనవేలు కాల్చుకుంది. వేలికి తెల్లగుడ్డ చుట్టుకుని, మొహం మాడ్చుకుని పనికొచ్చింది. దారంతా నాతో ఒక్క మాట లేదు. నాకు ప్రాణం హాయిగా ఉంది.

"అచ్చం బిళ్ళ మీద ఉన్నట్టే కావాలి," అన్నాడు ఫొటో అబ్బాయి. "ఒకరు బూట్లు విప్పి, వంగి కూర్చుని, ఓక్ మొక్క పట్టుకోవాలి."

ఫారెస్టరు గారు మిన్నా వైపు చూశాడు. "జట్టు పెద్దవి, నువ్వే కూర్చోమ్మా."

"నా కాళ్ళు నేను డాక్టరుకే చూపించలేదు. ఊరూరా అమ్మే పేపర్లో చూపించనా?" అంది మిన్నా.

మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. సిగ్గు ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో మా అందరి మేజోళ్ళూ చిల్లులే. కరిగిన మంచుతో నేల జివ్వుమంటోంది. చివరికి నేనే బూట్లు విప్పేశాను. సిలీసియా కాళ్ళు ఎంత చక్కగా ఉంటాయో చూడనీ అనుకున్నాను.

ఆ అబ్బాయి పని తెలిసినవాడే గానీ, ఎంతకీ తృప్తి పడేవాడు కాదు. గడ్డం పైకెత్తమన్నాడు, దించమన్నాడు. నవ్వమన్నాడు, మరీ అంత వద్దన్నాడు. మొక్కని ఎత్తి సూర్యుడికి చూపించమన్నాడు. నేను పసిపిల్లకి స్నానం చేయించి ఆరబెట్టినట్టు మొక్కని పట్టుకుని కూర్చున్నాను. పాదాలు మొద్దుబారాయి. పైన గాలి కొడుతోంది.

మిన్నా అంతసేపూ ఎలా ఓర్చుకుందో తెలియదు. ఉన్నట్టుండి కొండ దిగే బండరాయిలా వచ్చిపడింది.

"ఒసే వాలీ! మొక్క వేళ్ళు ఎండిపోతున్నాయే! అది మొక్కే, నీ అత్తగారి గొడుగు కాదు!"

"ఆయన పట్టుకోమన్నాడు!"

"ఆయన నెత్తిన పెట్టుకోమంటే పెట్టుకుంటావా? ఇటియ్యి!"

నేను ఇవ్వలేదు. ఆవిడ నా పక్కనే మోకాళ్ళ మీద కూలబడి మొక్క అడుగున చెయ్యి పెట్టింది. నేను పైన పట్టుకు లాగాను, ఆవిడ కింద వేళ్ళని దోసిట్లోకి తీసుకుంది. ఇద్దరం నోరు తెరిచి ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. క్లిక్‌మంది కెమెరా.

ఆ వారం పేపర్లో ఫొటో పడింది. తీరా చూస్తే, నా తలగుడ్డ అడ్డొచ్చి మిన్నా మొహం సగం మాయమైంది. నా మొహమూ అవతలికి తిరిగి ఉంది. బాగా కనపడుతున్నవి నాలుగు చేతులూ, మధ్యలో మొక్కా. కింద ఇలా రాశారు: "కొత్త దేశానికి వేరు నాటుతున్న చేతులు. లెర్ఖెన్‌బాఖ్‌కు చెందిన ఈ అక్కచెల్లెళ్ళు పాట పాడుకుంటూ మొక్కలు నాటుతారు."

ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను మాంసం కొట్టుకి వెళ్తే కొట్టువాడు కత్తి పక్కన పెట్టి, "అక్కగారు కులాసాయేనా? ఏ పాట పాడారు?" అన్నాడు. మిన్నా రొట్టెలకి వెళ్తే, "మీ చెల్లెలు ఇప్పుడే తీసుకెళ్ళింది, మీకు మళ్ళీ ఎందుకు?" అన్నారట. ఆ సాయంత్రం వంటగదిలో ఎదురుపడ్డాం. మిన్నా నా వంక చూసింది, నేను ఆవిడ వంక చూశాను.

"పాట పాడుకుంటూ," అంది మిన్నా పళ్ళు బిగించి.

నాకు నవ్వాగలేదు. ఆవిడ మూతి రెండుసార్లు వణికింది, మూడోసారి ఆవిడా ఫక్కుమంది. నాలుగేళ్ళలో ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఒక పక్క పన్ను లేదని అప్పుడే తెలిసింది. మా అత్తగారు చప్పుడుకి పైనుంచి దిగొచ్చి, ఎవరైనా పోయారా అని అడిగింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంటిముందు ఒక మూడు చక్రాల మోటారు బండి దగ్గుతూ ఆగింది. అందులోంచి గోధుమరంగు కోటు వేసుకున్న పొడుగాటి మనిషి దిగాడు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. పేరు ఎవాల్ట్ ష్టైనర్ట్. కొండకవతల ఆయనకి మొక్కల నర్సరీ ఉంది. మేం నాటే ఓక్ మొక్కలు ఆయన పెంచినవే. భార్య పోయి చాలా కాలమైంది.

వచ్చినవాణ్ణి వంటగదిలో కూర్చోబెట్టాం. ఆయన జేబులోంచి పేపరు ముక్క తీసి బల్లమీద పరిచి, దాని పక్కన అరమార్కు బిళ్ళ పెట్టాడు.

"చెప్పులు కుట్టేవాడి చెప్పుని బిళ్ళ మీద వేశారా? రొట్టెలవాడి రొట్టె వేశారా?" అన్నాడు. "నా మొక్కని వేశారండీ! ఇది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, సంతోషంతో. కానీ బొమ్మలో ఆవిడ మొక్క వేళ్ళని ఎలా పట్టుకుందో కనపడదు. ఈ ఫొటోలో కనపడుతుంది." గరుకు వేలు ఒకటి ఫొటో మీద ఆనించాడు. "నేను ముప్ఫయ్యేళ్ళుగా మొక్కలు పెంచుతున్నాను. అమ్మేశాక వాటిని ఎవరు ఎలా చూస్తారోనని దిగులే. ఈ చెయ్యి చూశాక ఆ దిగులు పోయింది. ఈ చెయ్యి ఎవరిదో కనుక్కుందామని వచ్చాను."

కిందనుంచి వేళ్ళని దోసిట్లో పట్టిన చెయ్యి అది. ఎవరిదో చిన్నపిల్లకైనా తెలుస్తుంది, ఆయన వచ్చింది పెళ్ళిచూపులకనీ తెలుస్తుంది. నేను నోరు తెరిచేలోపు మిన్నా నా వీపు మీద ఒక్క తోపు తోసింది.

"ఇదిగో, ఈవిడదే! వాల్బుర్గా ట్రెస్కె. ఒంటరి మనిషి, కష్టపడుతుంది, సూపు బాగా చేస్తుంది," అనేసి ఇంటి వెనక్కి పారిపోయింది.

సూపు బాగా చేస్తానట! నాలుగేళ్ళూ దాన్ని పందుల కుడితి అన్న నోటితోనే.

ఎవాల్ట్ నావైపు తిరిగి మళ్ళీ టోపీ తీశాడు. కళ్ళు మెత్తగా ఉన్నాయి. బల్లకవతల కూర్చున్న మా అత్తగారు, గుసగుస అనుకుని గట్టిగానే అంది: "ఒప్పేసుకోవే. మా కుర్ట్ ఏమీ అనుకోడు. బండి కూడా ఉంది!"

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నా మనసు ఆ బండెక్కి కొండకవతలికి వెళ్ళొచ్చింది. సొంత గుమ్మం, సొంత కిటికీ, తలుపు తీస్తే తోట. ఎవరు కాదంటారు? కానీ ఆయన చూస్తున్నది నన్ను కాదు, ఫొటోలోని చేతిని. పెళ్ళయ్యాక రోజూ నా చేతులు చూసుకుని ఇవి కావే అనుకుంటే నా బతుకేం కాను?

"అయ్యా, ఫొటో సరిగా చూడండి," అన్నాను. "బొటనవేలికి గుడ్డ చుట్టి ఉందా? ఆ వేలు కాల్చింది నా సూపు గిన్నె. ఇప్పుడు పారిపోయిందే, ఆవిడ వేలు అది."

మా అత్తగారు నెత్తి కొట్టుకుంది. ఎవాల్ట్ పెరటి తలుపు వైపు చూసి, "నాకూ అలాగే అనిపించింది," అన్నాడు నెమ్మదిగా. "మొక్కలు పట్టుకునేవాళ్ళు కాస్త కోపంగానే ఉంటారు."

మిన్నా మేకల కొట్టంలో గడ్డి మీద కూర్చుని ఉంది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"నీకేమైనా మతి ఉందా? పెళ్ళాడతానని వచ్చినవాణ్ణి కాలదన్నుకుంటావా? నువ్వు నాకంటే చిన్నదానివి, నీకు ఇల్లు లేదు..."

"నా సంగతి సరే, నువ్వెందుకు దాక్కున్నావు?"

ఆవిడ మేక చెవి నిమురుతూ కూర్చుంది. "నాకు నలభై ఆరేళ్ళు, వాలీ. ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు."

"ఇప్పటికే నవ్వుతున్నారు కదా. కొత్తగా పోయేదేముంది?"

"నేను వెళ్తే నా ఇల్లు మీ సిలీసియావాళ్ళు ఆక్రమించేస్తారు."

"మరెవరు ఉండాలి ఇందులో, దయ్యాలా? లే. ఆయన కాఫీ తెచ్చాడు. నిజం కాఫీ, గింజలది, మనం తాగే బార్లీది కాదు. దాన్ని మా అత్తగారి దగ్గర ఒంటరిగా వదిలేశాం, పొడి కూడా మిగలదు."

నిజం కాఫీ అనేసరికి లేచింది.

ఆ వసంతమంతా ఎవాల్ట్ మా జట్టుకి మొక్కలు తనే తెచ్చేవాడు. అంతకుముందు ఆ పని డ్రైవరుది. ఆయనా మిన్నా మొక్కల కట్టల పక్కన నిలబడి మన్ను గురించీ, కుందేళ్ళు కొరికేయడం గురించీ మాట్లాడుకునేవాళ్ళు. మేం పనిచేస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించేవాళ్ళం.

"ఇవాళ ఏం మాట్లాడాడు?" అని అడిగేది థెక్లా.

"పశువుల ఎరువు గురించి."

"నిన్నా ఎరువేగా! ఈయన అసలు మాట చెప్పేలోపు మనం నాటిన చెట్లు నరకడానికొస్తాయి!"

ఒకరోజు నేనే ఆయన్ని బండి వెనక నిలబెట్టి అడిగేశాను. "అయ్యా, మీ ఉద్దేశం ఏమిటి? చెప్పదలిస్తే చెప్పండి. ఆవిడ ఇంట్లో రోజూ మూడుసార్లు దువ్వుకుంటోంది. దువ్వెన పళ్ళు ఊడిపోతున్నాయి." ఆయన చెవులదాకా ఎర్రబడి, నాట్లు పూర్తయిన రోజు చెబుతానన్నాడు.

మే నెలాఖరుకి నాట్లు ముగిశాయి. పాక ముందు బల్లలు వేశారు. బంగాళాదుంపల సలాడు, సాసేజీలు, పీపా బీరు. మా అత్తగారు గసగసాల కేకు చేసింది. ఊరి మేయరు లేచి బిళ్ళ ఎత్తి చూపిస్తూ, ఈ మహిళ దేశమంతటికీ ఆదర్శమని చాలాసేపు మాట్లాడాడు. బీరు నురగంతా అణిగిపోయింది. తర్వాత ఎవాల్ట్ లేచాడు. అందరం ఊపిరి బిగబట్టాం.

"ఈ ఏడాది," అన్నాడాయన. "ఈ ఏడాది... మొక్కలు... బాగా వచ్చాయి."

కూర్చున్నాడు.

థెక్లా బల్లకి నుదురు కొట్టుకుంది. నేను లేవబోతుంటే, నాకంటే ముందు మిన్నా లేచింది. ఒళ్ళో తుండు తీసి బల్లమీద పెట్టింది.

"ఏం బాగా వచ్చాయి?" అంది. "సగం మొక్కలకి వేళ్ళు మెలికలు తిరిగి ఉన్నాయి. మడులు మరీ ఇరుకు చేస్తున్నారు. దగ్గరుండి చూసుకునే మనిషి లేకపోతే వచ్చే ఏడూ ఇంతే."

ఎవాల్ట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిజమే. మనిషి కావాలి. ఎవరు చూస్తారండీ?"

"ఇంకెవరు చూస్తారు? నేనే చూడాలి. ఆ బిళ్ళ మీదావిడ దిగొచ్చి చూస్తుందా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఎవాల్ట్‌కే ముందు అర్థమైంది. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మేమంతా చేసిన చప్పుడుకి పీపా మీది పిచ్చుకలన్నీ ఎగిరిపోయాయి. నేను ఏడ్చాను. ఎందుకో తెలియదు, కడుపునిండా సంతోషంగానే ఉంది.

పెళ్ళి సెప్టెంబరులో పెట్టుకున్నారు. దానికి ముందే మిన్నా ఇల్లంతా నాకు అద్దెకిచ్చింది. సుద్దగీతని మా అత్తగారు తనే తుడిచింది, తడిగుడ్డతో, పండగ చేసుకున్నట్టు. జట్టు పెద్దగా ఎవరుండాలని ఫారెస్టరు గారు అడిగితే మిన్నా నా పేరు చెప్పింది. చెప్పి, "ఇది అరుస్తుంది గానీ పని చేయిస్తుంది," అంది. ఇంతకంటే మంచిమాట ఆవిడ నోటి నుంచి రాదని నాకప్పటికే తెలుసు.

పెళ్ళిరోజు పొద్దుటిదాకా వాన. చర్చిలో అంతా బాగానే జరిగింది. పాస్టరు గారు క్లుప్తంగా ముగించాడు, ఆయనకీ కేకు వాసన తగిలినట్టుంది. భోజనాలయ్యాక పెళ్ళికూతురు ఎవాల్ట్ పక్కన మూడు చక్రాల బండెక్కింది. వెనక పెట్టెలో ఆవిడ సామానూ, రెండు మేకలూ. ఊరు దాటి ఎగువ మొదలయ్యే చోట ముందు చక్రం బురదలో దిగబడింది.

మేమంతా పండగ గౌన్లు ఎత్తి దోపుకుని వెనక చేరాం.

"అలా కాదే! భుజం ఆనించండి!" అని ముందునుంచి అరిచింది మిన్నా. "థెక్లా, నువ్వు తోస్తున్నావా, ఆనుకుని నిద్రపోతున్నావా? వాలీ, జట్టు పెద్దవి నువ్వేనా? ఇదేనా నీ పెద్దరికం?"

"దిగి తొయ్యవే అంత తెలిస్తే!" అన్నాను.

దిగింది. పూలకిరీటం తలమీద ఉండగానే నా పక్కకి వచ్చి భుజం ఆనించింది. అందరం ఒక్కసారి ఊ అని తోశాం. బండి ఒక్క ఉదుటున బురదలోంచి ఎగిరి ఎగువెక్కింది. ఎవాల్ట్ ఆనందంతో టోపీ ఊపుతూ, వెనక్కి చూడకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. మేకలు మాత్రం మావైపు చూస్తూ అరిచాయి.

పెళ్ళికూతురు మోచేతులదాకా బురదతో మా మధ్య నిలబడి ఉంది.

"ఎవాల్ట్!" అని కేక పెట్టింది. తర్వాత తనే నవ్వడం మొదలుపెట్టింది, అందరికంటే గట్టిగా. కాసేపటికి బండి మలుపు దగ్గర వెనక్కి వెనక్కి వస్తూ కనిపించింది.